పొట్ట మీద వేలాడే చర్మం సోకు సంగతి కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో అందం పేజీలో పొట్ట మీద వదులు తోలు తీసేసే ఆపరేషన్, అదే టమ్మీ టక్ గురించి అరపేజీ వచ్చింది, పెసరపిండి ఫేస్ ప్యాక్ పక్కన. సన్నటి అమ్మాయి ఫొటో వేసి, నడుముకి టేపు చుట్టి, పండక్కి ముందు చేయించేసుకుంటే చీరలో నాజూగ్గా ఉంటారన్నట్టు రాశారు. ఇరవై ఏళ్ళ పైనుంచి మీ పేపరే తెప్పించుకుంటున్నాం, ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఈసారి మాత్రం ఉండబట్టలేక రాస్తున్నా, ఎందుకంటే ఆ ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఏడాదిన్నర నుంచి నిద్ర పట్టక ఆలోచిస్తున్న మనిషిని నేను, నాకు అందులో అందం గొడవ ఆఖర్న వస్తుంది.

మాది తెనాలి. ఇంట్లోనే టైలరింగ్ చేస్తా, జాకెట్లు, పిల్లల గౌన్లు, చీరలకి ఫాల్స్. 44 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ సిజేరియనే. మనిషిని ఐదడుగుల రెండంగుళాలు, 2021లో 118 కిలోలు ఉండేదాన్ని. షుగరు, మోకాళ్ళు, రాత్రి నిద్దట్లో ఊపిరాగినట్టయి లేచి కూర్చోవడం, మెట్లెక్కితే ఆయాసం. అంతకుముందు కొబ్బరినూనె డైట్ మా వైపు ఊరూరా నడిచిన రోజుల్లో అదీ చేశా, పదహారు కిలోలు తగ్గా, ఇరవై పెరిగా. చివరికి 2022 ఫిబ్రవరిలో జీర్ణాశయం చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నా. దేవుడి దయవల్ల బాగా జరిగింది, రెండేళ్ళలో 66కి వచ్చా, షుగర్ మాత్ర మానేశా, గురక పోయింది, ఇప్పుడు మార్కెట్ కి నడిచే వెళ్ళొస్తా. ఆ డాక్టర్లకి చేతులెత్తి దణ్ణం పెడతా.

కానీ యాభై రెండు కిలోల బరువు పోయింది గానీ దాన్ని మోసిన తోలు పోలేదు. బొడ్డు కింద నుంచి సంచీలా వేలాడుతుంది, కూర్చుంటే తొడల మీదకి వస్తుంది. ఇది అనుభవిస్తే గానీ తెలియదండీ. లంగా బొందు ఎక్కడ కట్టాలో తెలీదు, మడత పైన కడితే నడిచేకొద్దీ జారిపోద్ది, మడత కింద కడితే తోలు బరువంతా బొందు మీద పడి కోసుకుపోద్ది. నేను ఊళ్ళో అందరి జాకెట్లూ పట్టి ఇస్తా, నా లంగా కోసం మాత్రం వెడల్పు గుడ్డతో నడుం పట్టీ వేసుకుని హుక్కులు పెట్టుకున్నా. మిషన్ మీద కూర్చుని వంగితే ఆ మడత కింద చెమట పడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో మా తెనాలి ఉక్క మీకు చెప్పక్కర్లేదు, మధ్యాన్నానికల్లా ఒరుసుకుపోయి ఎర్రగా పచ్చిపుండులా అయిపోద్ది. పాత నూలుచీర ముక్కలు చించి మడతలు పెట్టి లోపల పెట్టుకుంటా, రోజుకి నాలుగు మారుస్తా, విడిగా ఉతికి ఎండలో ఆరేస్తా. తడి ఆరనిచోట ఫంగస్ వస్తుంది, వాసన వస్తుంది, జాకెట్ కొలతలకి వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళి టేపు పట్టుకోవాలంటే వెనకాడతా. ఆ వాసన వాళ్ళకి తెలుస్తుందేమోనని. ఏడాదిలో ఐదుసార్లు చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళా, ఒకసారి చీము పట్టి జ్వరం వస్తే వారం రోజులు యాంటీబయాటిక్స్. పూత మందు రాస్తే తగ్గుద్ది, ఆపితే వచ్చుద్ది, మడత అక్కడే ఉంది కదా మరి.

అందరూ చెప్పే మాట ఎక్సర్సైజ్ చెయ్యమని. చేస్తున్నానండీ, రోజూ పొద్దున్నే గంట నడుస్తా. కండ గట్టిపడుద్ది గానీ తోలు ఎలా లోపలికి పోతుంది? మా పనిలో చూస్తా కదా, పాతికేళ్ళు సాగదీసి వాడిన ఎలాస్టిక్ ఇక ముడుచుకోదు, దానిలోపల రబ్బరు దారాలు తెగిపోయుంటాయి. చర్మంలో కూడా అలాంటి దారాలే ఉంటాయంట, కొలాజెన్, ఎలాస్టిన్ అని, ఏళ్ళ తరబడి సాగి తెగిపోతే ఏ నూనె రాసినా ఏ క్రీమ్ రాసినా అతుక్కోవు. మా అమ్మేమో బాలింతప్పుడు నడికట్టు సరిగ్గా కట్టుకోలేదు అందుకే అంటది. పాపం ఆవిడ ప్రేమతోనే అంటది, కానీ 118 కిలోల మనిషికి నడికట్టు ఏం చేస్తుందండీ.

పోయిన దసరా తర్వాత గుంటూరులో ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళా, మా అమ్మాయిని తోడు తీసుకుని. బీఫార్మసీ చదువుతుంది, అది ఉంటే నాకు ధైర్యం. ఆయన నన్ను నిలబెట్టి, పక్కకి తిప్పి, ముందుకి వంగమని, పడుకోబెట్టి తల పైకెత్తమని చూశారు. పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాలు కాన్పుల్లో విడిపోయి మళ్ళీ దగ్గరకి రాలేదట, మధ్యలో రెండు వేళ్ళు దూరే సందు ఉంది. తర్వాత స్కెచ్ పెన్ తీసుకుని సిజేరియన్ కుట్టు దగ్గర్నుంచి రెండు తుంటి ఎముకల దాకా గీత గీసి, పైనుంచి తోలు పట్టుకుని కిందకి లాగి ఆ గీతకి ఆనించి చూశారు. నేను జాకెట్ సైడ్లు పట్టేముందు సుద్దముక్కతో గుర్తు పెట్టి, గుడ్డ లాగి చూస్తానే, అచ్చం అలాగే. ఎంత తీస్తే ఎంత మిగులుద్దో, మూసేటప్పుడు బిగుతెక్కువైతే ఎక్కడ చిరుగుద్దో చూసుకుంటున్నారు ఆయన. నాకు ఆ క్షణంలో ఆయన మీద నమ్మకం కుదిరింది. రెండు, రెండున్నర కిలోలు రావొచ్చమ్మా, ఇది బరువు తగ్గే ఆపరేషన్ కాదు, గుర్తుపెట్టుకో అన్నారు.

తర్వాత ఆయన దాచకుండా చెప్పినవి మీ అరపేజీలో ఒక్కటీ లేదండీ, నాకు బాధ కలిగింది అక్కడే. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కుట్టు మచ్చ జన్మంతా ఉంటుంది. బాగా ఎక్కువ తోలు ఉన్నవాళ్ళకి పైనుంచి కిందకి ఇంకో కోత కూడా పడొచ్చు. మూడు నాలుగు గంటలు మత్తు. పక్కల రెండు సన్నటి పైపులు పెడతారు, లోపల ఊరే నీరు పోవడానికి, అయినా కొందరికి నీరు చేరి సిరంజితో తీయాల్సొస్తుంది. మొదటి వారం నడుం వంచే నడవాలి, ఆరు వారాలు బరువెత్తకూడదు, బెల్టు రాత్రీపగలూ ఉండాలి. బొడ్డు కింద చాన్నాళ్ళు స్పర్శ తెలియకపోవచ్చు. కుట్టు విడిపోవడం, చీము పట్టడం, అంచున చర్మం నల్లబడి చనిపోవడం ఇవన్నీ ఉన్నాయి, షుగర్ ఉన్నవాళ్ళకీ సిగరెట్ తాగేవాళ్ళకీ ఎక్కువ. అన్నిటికన్నా భయంకరమైంది కాళ్ళలో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం, అందుకే మర్నాడే లేపి నడిపిస్తారు. బరువు ఆరు నెలలపాటు అటూ ఇటూ కాకుండా నిలకడగా ఉంటేనే చేస్తానన్నారు, బేరియాట్రిక్, అంటే నాలా బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళు ఏడాది, ఏడాదిన్నర ఆగాలన్నారు. ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ఇప్పుడొద్దు అన్నారు. నాకు రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 ఉంది. స్లీవ్ అయినవాళ్ళకి ఐరన్, బి12, ప్రోటీన్ తగ్గిపోతాయట, అలా ఉంటే పుండు మానదు, ముందు రక్తం పెంచుకుని రా అని పంపేశారు. డబ్బులొచ్చే పని వదులుకుని వెనక్కి పంపిన డాక్టర్ ని నేను అంతకుముందు చూడలేదు.

అంతకు రెండు నెలల ముందు ఇంకో చోటికి కూడా వెళ్ళా, ఫోన్ లో యాడ్ చూసి. ఊరు పేరు చెప్పను. అక్కడ డాక్టర్ కంటే ముందు కౌన్సిలర్ అని ఒక అమ్మాయి కూర్చోబెట్టి, లైపో చేస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు మేడమ్, ఈ వారంలో కడితే డిస్కౌంట్, ఈఎంఐ కూడా ఉంది అంది. చర్మం సంగతి అడిగితే అదే టైట్ అయిపోతుంది అంది. లైపోసక్షన్ అంటే గొట్టంతో కొవ్వు లాగడం, అది తోలుని తీయదు. నాకు ఉన్నది ఖాళీ సంచీ, దాంట్లో ఇంకేం లాగుతారు? గోడ మీద సర్టిఫికెట్లు చూస్తే ప్లాస్టిక్ సర్జరీలో పై చదువు, ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చేసినట్టు ఒక్కటీ కనపళ్ళా. మా అమ్మాయి చెప్పింది, ఎంబీబీఎస్ తర్వాత సర్జరీలో ఎంఎస్, ఆ పైన మూడేళ్ళు ప్లాస్టిక్ సర్జరీ చదివినవాళ్ళు వేరు, కాస్మెటిక్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళంతా వాళ్ళు కాదు అని. ఆ తేడా మీ పేపర్ రాయాలి కదండీ, మాలాంటివాళ్ళకి ఇంకెవరు చెప్తారు.

ఇంట్లో ఈ మాట ఎత్తితే మా వదిన మొదట అన్నది ఆర్తి అగర్వాల్ గుర్తులేదా అని. గుర్తుంది. 2015 జూన్ లో అమెరికాలో 31 ఏళ్ళకే పోయింది పాపం, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ళ కన్నడ టీవీ నటి కూడా కొవ్వు తీయించుకోడానికి వెళ్ళి చనిపోయింది. ఆ వార్తలు చదివి మనసు కలుక్కుమనని తల్లి ఉండదు. కానీ మన ఇళ్ళల్లో అన్నీ ఒకే గాటన కట్టేస్తారు, కొవ్వు లాగడం, తోలు తీయడం, జీర్ణాశయం చిన్నది చేయడం అన్నీ ఒకటే అనుకుంటారు. ఒకవైపు అంతా ప్రాణం పోతుందనే భయం, ఇంకోవైపు పండక్కి నాజూగ్గా అవ్వండనే ఫొటో, మధ్యలో మేం తెలుసుకోవాల్సింది ఎవరూ రాయరు.

మా అత్తగారు అయితే, పెళ్ళీడు కూతుర్ని ఇంట్లో పెట్టుకుని ఇప్పుడీ సోకులేంటమ్మా, ఎవరు చూడాలని అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, స్లీవ్ అప్పుడు నెలరోజులు నాకు జావ కాచి పోసింది ఆవిడే. ఆ పుండ్లు ఆవిడకి చూపించడానికి నాకు సిగ్గు, అడగడానికి ఆవిడకి మొహమాటం. ఎవరు చూడాలని కాదత్తయ్యా, ఎవరూ చూడకుండా దాచుకోలేక చస్తున్నా అని చెప్పాలనిపించింది, చెప్పలేకపోయా.

ఇది ఆడవాళ్ళకే అనుకోకండి. మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతూ జిమ్ముకెళ్ళి 45 కిలోలు తగ్గాడు, బంగారం లాంటి పిల్లాడు. కిందటేడు అందరం కలిసి మంత్రాలయం వెళ్తే మగవాళ్ళు చొక్కా విప్పి లోపలికెళ్ళాలి కదా, వాడు చెప్పులు కాపలా ఉంటానని బయటే కూర్చున్నాడు. అంత దూరం వెళ్ళి స్వామి దర్శనం చేసుకోలేదు. ఎందుకో నాకొక్కదానికే అర్థమైంది, వాడి పక్కన కాసేపు కూర్చుని వచ్చా.

ఇక ఇన్సూరెన్స్ సంగతి. మావారి కంపెనీ ద్వారా మాకు ఫ్యామిలీ పాలసీ ఉంది. స్లీవ్ కి వాళ్ళే కట్టారు, ఎందుకంటే 2019లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన రూల్స్ ప్రకారం, ఎత్తుకీ బరువుకీ లెక్కగట్టే బీఎమ్‌ఐ 40 అంతకన్నా ఎక్కువ ఉంటే, లేకపోతే 35 గానీ ఆపైన గానీ ఉండి దానికి తోడు అదుపులో లేని షుగర్ లాంటి జబ్బులుంటే, డాక్టర్ చెప్తే బరువు తగ్గే ఆపరేషన్ కి ఇవ్వొచ్చు. మంచి రూలు. కానీ అదే ఆపరేషన్ వల్ల మిగిలిన తోలు తీయించుకుంటానంటే అదే ఇన్సూరెన్స్ కంపెనీ రెండు లైన్ల జవాబు పంపింది, ఇది కాస్మెటిక్, కవర్ అవదు అని. నేను పంపిన చర్మం డాక్టర్ చీటీలు తెరిచి చూశారో లేదో కూడా తెలీదు. మా అమ్మాయి పాలసీ కాగితాలు మొత్తం చదివింది. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ ఇవ్వం అనే చోటే, యాక్సిడెంట్, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసేవాటికి, ఇంకా ఆరోగ్యానికి నేరుగా ఉన్న ముప్పు తప్పించడానికి తప్పనిసరి వైద్యం అని చూస్తున్న డాక్టర్ రాసిస్తే దానికీ మినహాయింపు ఉంది. ఆ వాక్యం అన్ని కంపెనీల పాలసీల్లో ఒకేలా ఉండాలని కూడా ఐఆర్‌డీఏఐ చెప్పిందే. మరి ఏడాదిలో ఐదుసార్లు పుండు పడి, ఒకసారి జ్వరంతో పడుకుంటే అది ముప్పు కాదా? నేను మళ్ళీ రాశా, సర్టిఫికెట్ జత చేశా. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్ లో ఉన్న, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కి వెళ్తా, ఆంధ్రాకీ తెలంగాణకీ యానాంకీ అక్కడే, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. గెలుస్తానో లేదో, అడగడం మాత్రం మానను.

ఇంకోటి, నాకిచ్చిన ఎస్టిమేట్ కాగితంలో 18 శాతం జీఎస్టీ వేశారు. జబ్బుకి వైద్యం అయితే జీఎస్టీ ఉండదు, కాస్మెటిక్ అనుకుంటే పడుద్ది, పుట్టుకతో వచ్చిన లోపాలకీ దెబ్బలకీ సరిచేసే సర్జరీకి మాత్రం మినహాయింపు. రెండు లక్షల ఎనభై వేల బిల్లు మీద యాభై వేల నాలుగొందలు పన్ను. నేను జాకెట్ కి మూడొందలు తీసుకుంటా, మీరే లెక్కేసుకోండి ఎన్ని జాకెట్లో. కాస్మెటిక్ అనే ఒక్క మాట పడితే ఇన్సూరెన్స్ పోద్ది, పన్ను వచ్చుద్ది, ఇంట్లోవాళ్ళు సోకు అంటారు.

మా అమ్మాయి వెతికి చెప్పింది, వేలాడే పొట్ట తోలు తీయడం గురించి 1899లోనే అమెరికాలో బాల్టిమోర్ లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి డాక్టర్ హోవర్డ్ కెల్లీ రాశారంట. ఆయన ఆడవాళ్ళ జబ్బుల డాక్టర్. మోయలేని బరువుతో వచ్చిన పేషెంట్ల కోసం మొదలైన పని ఇది, నూట పాతికేళ్ళ తర్వాత మనం దాన్ని తీసుకొచ్చి అందం పేజీలో పెట్టాం. ఇప్పుడు కూడా రెండు రకాలంట, వేలాడే తోలు ఒక్కటే తీస్తే పానిక్యులెక్టమీ, కండరాలు కూడా దగ్గరకి లాగి కుట్టి, బొడ్డు సరిచేస్తే అబ్డామినోప్లాస్టీ, జనం టమ్మీ టక్ అనేది దీన్నే. మొదటిది పుండ్లకి, బరువుకి. ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ తేడా పనికొస్తుందని సర్జన్ గారే చెప్పారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, రేపు నాలాంటివాళ్ళు చాలామంది అవుతారండీ. 2025 మార్చిలో మౌంజారో, జూన్ లో వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి, మా వీధిలోనే ముగ్గురు వేయించుకుంటున్నారు. నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే 2019-21 లెక్కల్లో ఆంధ్రాలో ఆడవాళ్ళు మూడోవంతుకి పైగా అధిక బరువు, సిజేరియన్లు ఆంధ్రాలో 42 శాతం, తెలంగాణలో 60 శాతం దాటాయి. బరువు, కోత, మళ్ళీ గబగబా తగ్గడం, ఈ మూడూ కలిస్తే ఏం మిగులుద్దో నా పొట్టే చెప్తుంది. తగ్గేముందు ఈ సంగతి నాకెవ్వరూ చెప్పలేదు. చెప్పినా తగ్గేదాన్నే, అందులో అనుమానం లేదు, కానీ ముందే డబ్బు దాచుకునేదాన్ని, ప్రోటీన్, ఐరన్ జాగ్రత్తగా తీసుకునేదాన్ని, చర్మం డాక్టర్ దగ్గర ప్రతి చీటీ ఫైల్ చేసుకునేదాన్ని. ఆ ఇంజెక్షన్ వాడేవాళ్ళు ఏ ఆపరేషన్ కి వెళ్ళినా మత్తు డాక్టర్ కి తప్పకుండా చెప్పాలంట, కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి. ఇదైనా రాయండి.

డబ్బు లేనివాళ్ళ గురించి కూడా ఆలోచిస్తా. హైదరాబాద్ ఉస్మానియాలో, వైజాగ్ కేజీహెచ్ లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. కాలినవాళ్ళు, యాక్సిడెంట్ అయినవాళ్ళు ముందు, అది న్యాయమే. పుండ్లతో వచ్చే ఇలాంటివాళ్ళని కూడా అక్కడ పరీక్ష చేసి, అవసరమైనవాళ్ళకి ఒక లైన్ పెట్టి చేస్తే ఎంతమంది కూలి పనివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారో. పొలంలో వంగి నాట్లేసే మనిషికి ఈ మడత ఉంటే ఆ బురదలో, ఆ చెమటలో ఎలా ఉంటుందో నేను ఊహించలేను.

నా సంగతి ఇంకా తేలలేదు. మార్చి నుంచి ఐరన్ ఎక్కించుకుంటున్నా, పోయిన వారం 10.8 వచ్చింది, 12 రావాలి. వస్తే ఆషాఢంలో చేయించుకుందామని అనుకుంటున్నా, ఆషాఢంలో ముహూర్తాలుండవు, జాకెట్లు రావు, ఆరు వారాలు మిషన్ తొక్కకపోయినా శ్రావణం సగానికల్లా లేచి కూర్చోవచ్చు, ఎండలు కూడా తగ్గుతాయి కాబట్టి బెల్టు వేసుకోవచ్చు. అమ్మ ఆషాఢంలో ఆపరేషనా అని బెంగ పెట్టుకుంది. మావారు మాత్రం నీ ఒళ్ళు, నీ ఇష్టం, నేను పక్కనుంటా అన్నారు. రాత్రిళ్ళు ఒకసారి చేయించుకుందాం అనిపిస్తుంది, ఒకసారి ఆ రక్తం గడ్డల మాట గుర్తొచ్చి పిల్లల మొహాలు కనపడి వద్దు అనిపిస్తుంది. మచ్చకి నేను భయపడట్లేదు, సిజేరియన్ మచ్చలతో ఇన్నేళ్ళు బతికా.

మీరు ఒక పని చేసిపెట్టండి. ఈ విషయం మళ్ళీ రాయండి, ఈసారి ఆరోగ్యం పేజీలో, ఎంసీహెచ్ చేసిన సర్జన్ ని, చర్మం డాక్టర్ ని, చేయించుకున్న ఇద్దరు ముగ్గురిని అడిగి, మంచీ చెడూ రెండూ, రేటుతో సహా, సన్నటి అమ్మాయి ఫొటో లేకుండా. మా ఇంట్లో పొద్దున్నే పేపర్ మొదట చేతిలోకి తీసుకునేది మా అత్తగారే, కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతారు. నేను నోటితో చెప్పలేనిది ఆవిడ మీ పేపర్లో చదివితే, ఆ రోజు నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి.
(దయచేసి పేరు వేయకండి)